అర్ధరాత్రి ఎవరికి ఫోన్ చేస్తారు?

తెలుగులో సుఖం వేరు, సంతోషం వేరు, తృప్తి వేరు. మెత్తటి పరుపు, చల్లటి గది సుఖం. చాన్నాళ్లకు కూతురు చెప్పాపెట్టకుండా గుమ్మంలో దిగితే సంతోషం. పిల్లలు ఒక దారిన పడ్డారు, అప్పులు తీరాయి, ఎవరికీ అన్యాయం చెయ్యలేదు అనుకుంటూ రాత్రి పడుకోగలిగితే తృప్తి. మూడూ ఒకే మనిషిలో ఒకేసారి ఉండాలని ఏమీ లేదు. ఏసీ గదిలో నిద్రపట్టనివాళ్లూ, రెక్కలు ముక్కలు చేసుకుంటూనే తృప్తిగా బతికినవాళ్లూ ప్రతి ఊళ్లోనూ కనిపిస్తారు.

ఈ తేడా కొలతలు కట్టే శాస్త్రవేత్తలకూ తెలుసు. అందుకే వాళ్లు రెండు వేర్వేరు ప్రశ్నలు అడుగుతారు. నిన్న నవ్వారా, దిగులుపడ్డారా, కోపం వచ్చిందా అన్నది ఒకటి. రెండోది నిచ్చెన ప్రశ్న. ఊహకు అందే అతి మంచి బతుకు పదో మెట్టు, అతి చెడ్డ బతుకు సున్నా అనుకుంటే ఇప్పుడు మీరు ఎన్నో మెట్టు మీద ఉన్నారు? 2012 నుంచి వెలువడుతున్న ప్రపంచ ఆనంద నివేదికలో దేశాల వరుస ఈ నిచ్చెన మీదే ఆధారపడుతుంది. 2018 నుంచి ఏటా ఫిన్లాండ్ మొదటి స్థానంలో ఉంటోంది. 2024లో 143 దేశాల్లో భారత్ 126వ స్థానంలో ఉంది. ఫిన్లాండ్ జనం పొద్దస్తమానం నవ్వుతూ తిరుగుతారని దీని అర్థం కాదు. నిచ్చెన నవ్వుల్ని లెక్కపెట్టదు, తన బతుకు మీద మనిషికి ఉన్న అభిప్రాయాన్ని అడుగుతుంది. పత్రికల్లో ఈ వరుస చూసి మనవాళ్లు ఏటా నొచ్చుకోవడంలో కొంత భాగం ఈ పదాల గందరగోళమే.

ఆనందాన్ని కొలవాలన్న ఆలోచన కొత్తది కాదు. తైత్తిరీయోపనిషత్తులోని ఆనందవల్లి దానికి ఏకంగా ఒక కొలమానమే కట్టింది. యువకుడు, మంచివాడు, బాగా చదువుకున్నవాడు, దృఢమైన ఒళ్లూ బలమూ ఉన్నవాడు, పైగా సిరితో నిండిన ఈ భూమి అంతా అతడిదే. అలాంటివాడికి కలిగేది ఒక మానుషానందం. అక్కడి నుంచి గంధర్వులు, పితరులు, దేవతలు అంటూ మెట్టుకు నూరు రెట్ల చొప్పున బ్రహ్మానందం దాకా లెక్క సాగుతుంది. మనిషి మెట్టు దాటాక, ప్రతి మెట్టు దగ్గరా కోరికలు అంటని వేదవేత్తకూ అంతే ఆనందం ఉంటుందన్న మాట వస్తుంది. ఆ మొదటి మెట్టు దగ్గరే కాసేపు ఆగితే ఒక సంగతి తడుతుంది. అందులో యవ్వనం ఉంది, చదువు ఉంది, బలం ఉంది, ధనం ఉంది. స్నేహితుడు లేడు, ఆలి లేదు, పక్కింటివాడు లేడు.

1938లో అమెరికాలో కొందరు వైద్యులు దాదాపు ఇలాంటి యువకులనే ఏరి పరిశీలన మొదలుపెట్టారు. వాళ్ల జాబితాలోనూ స్నేహితుడికి పెద్దగా చోటు లేదు. ఆ పరిశీలన ఇంకా ముగియలేదు. మనుషుల జీవితాలను ఇంత వివరంగా, ఇన్నేళ్లపాటు వెంటాడిన పరిశోధనలు ప్రపంచంలో చాలా తక్కువ.

పుర్రె కొలతలతో మొదలు

హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో విద్యార్థుల ఆరోగ్య విభాగం చూసే ఆర్లీ బాక్‌కు ఒక అసంతృప్తి ఉండేది. వైద్యం ఎప్పుడూ రోగుల చుట్టూనే తిరుగుతుంది, బాగున్నవాళ్లు ఎందుకు బాగున్నారో ఎవరూ అడగరు అని. దుకాణాల గొలుసు నడిపి బాగా సంపాదించిన డబ్ల్యు. టి. గ్రాంట్ డబ్బు ఇచ్చాడు. ఒంట్లోనూ మనసులోనూ లోపం లేదనిపించిన 268 మంది విద్యార్థులను ఎంచుకున్నారు. వాళ్లలో ఒకడు తరవాత అమెరికా అధ్యక్షుడైన జాన్ ఎఫ్. కెనెడీ. వాషింగ్టన్ పోస్ట్ సంపాదకుడిగా పేరు పొందిన బెన్ బ్రాడ్లీ ఇంకొకడు.

అప్పట్లో మనిషి గుణం అతడి శరీర నిర్మాణంలో ఉంటుందన్న నమ్మకం బలంగా ఉండేది. అందుకని ఈ కుర్రాళ్ల పుర్రెలు కొలిచారు, భుజాల వెడల్పు రాసుకున్నారు, పుట్టుమచ్చలు చూశారు, చేతిరాత పరీక్షించారు, సిరామరకల బొమ్మలు చూపించి ఏం కనిపిస్తోందని అడిగారు. మన పెళ్లిచూపుల్లో పూర్వం అడిగిన ప్రశ్నలు ఇంతకంటే నయం. ఆ కొలతల్లో చాలా భాగం తరవాత ఎందుకూ కొరగాలేదు. పనికొచ్చింది మాత్రం అప్పుడు చిన్న పనిగా కనిపించిన ఇంకొకటి. లూయీస్ గ్రెగరీ అనే సామాజిక కార్యకర్త దేశమంతా తిరిగి ఈ కుర్రాళ్ల ఇళ్లకు వెళ్లి, తల్లిదండ్రులతో మాట్లాడి, పిల్లవాడు ఎలా పెరిగాడో రాసుకొచ్చింది. ఏభై, అరవై ఏళ్ల తరవాత పరిశోధకులు మళ్లీ మళ్లీ తిరగేసిన కాగితాల్లో అవి ముఖ్యమైనవి.

ఇంచుమించు అదే కాలంలో అదే విశ్వవిద్యాలయంలో షెల్డన్, ఎలియనార్ గ్లుయెక్ దంపతులు మరో పని చేస్తున్నారు. బోస్టన్ నగరంలోని పేటల్లో కొందరు పిల్లలు నేరాల్లోకి జారతారు, అదే వీధిలో అంతే పేదరికంలో పెరిగిన మరికొందరు జారరు. ఎందుకని? నేరాల్లోకి వెళ్లిన 500 మందినీ, వెళ్లని 500 మందినీ పక్కపక్కన పెట్టి చూశారు. ఆ వెళ్లనివాళ్లలో 456 మంది తరవాతి కాలంలో మొదటి పరిశీలనతో కలిశారు. ఎక్కువగా వలస వచ్చిన కుటుంబాల పిల్లలు, ఇరుకు వాటాల్లో పెరిగినవాళ్లు. అలా మొత్తం 724 మంది మగవాళ్లు. ఒక కొసన కలవారి బిడ్డలు, రెండో కొసన లేనివారి బిడ్డలు.

రెండేళ్లకోసారి ప్రశ్నపత్రం, అయిదేళ్లకోసారి వైద్య పరీక్షల వివరాలు, కొన్నేళ్లకోసారి ఎదురెదురుగా కూర్చుని ముచ్చట. ఇంతే పద్ధతి. చెప్పడానికి తేలిక, నడపడానికి కష్టం. డబ్బిచ్చే సంస్థలకు మూడేళ్లలో ఫలితం కావాలి, ఈ పని ముప్పై ఏళ్లయినా ఫలితం చూపించదు. డబ్బు కరువైన 1950ల్లో పొగాకు పరిశ్రమ సొమ్ముతో కూడా ఇది బతికింది. ఆ రోజుల ప్రశ్నపత్రంలో పొగతాగనివాళ్లను ఎందుకు తాగరో చెప్పమనే ప్రశ్న ఒకటి చేరింది. చివరికి, ముసలితనంలో ఆరోగ్యాన్ని అన్నిటికంటే ముందుగా పాడుచేసే వాటిలో పొగ ఒకటని ఇదే పరిశీలన తేల్చింది.

జార్జ్ వైలంట్ పని

ఈ కాగితాల గుట్టకు ప్రాణం పోసినవాడు మనోవైద్యుడు జార్జ్ వైలంట్. 1972 నుంచి మూడు దశాబ్దాలపాటు దీన్ని నడిపాడు. పురాతత్వవేత్త అయిన అతడి తండ్రి, కొడుక్కి పదేళ్లప్పుడు ప్రాణం తీసుకున్నాడు. కొన్నాళ్లకు తండ్రి చదివిన హార్వర్డ్ తరగతి పాతికేళ్ల సంచిక ఇంటికి వచ్చింది. అందులో ఒక్కొక్కరివి అప్పటి ఫోటో, ఇప్పటి ఫోటో పక్కపక్కన ఉన్నాయి. మనుషులు ఏళ్లు గడిచేకొద్దీ ఏమవుతారన్న కుతూహలం ఆ పుస్తకం దగ్గరే పుట్టిందని తరవాత చెప్పుకున్నాడు.

మనిషి జీవితం సాఫీగా సాగడం మీద కాదు, కష్టం వచ్చినప్పుడు మనసు ఏం చేస్తుందన్న దాని మీద అతడి దృష్టి నిలిచింది. ఎందుకంటే ఏరి కోరి తెచ్చిన ఆ 268 మందికీ కష్టాలు తప్పలేదు. ఏభై ఏళ్లు వచ్చేసరికి వాళ్లలో దాదాపు మూడో వంతు మంది ఎప్పుడో ఒకప్పుడు మానసిక వ్యాధి అనదగ్గ స్థితి అనుభవించారు. మానుషానందపు తొలి మెట్టు మీద నిలబెట్టి ఇచ్చినా అంతే.

దెబ్బ తగిలినప్పుడు మనసు తనకు తెలియకుండానే కొన్ని ఎత్తులు వేస్తుంది. తన తప్పు ఎదుటివాడి మీదికి నెట్టడం, పైకి సరేనని లోపల ముడుచుకుని పని చెడగొట్టడం, ఊహల్లో బతకడం, తాగి కేకలు వెయ్యడం పసితనపు ఎత్తులు. ఇవి కాసేపు ఊరటనిచ్చి మనుషుల్ని దూరం చేస్తాయి. రాబోయే కష్టాన్ని ముందే తలుచుకుని కాస్త సిద్ధపడటం, తన గోడును తానే నవ్వులాటగా చెప్పుకోవడం, తాను పడ్డ బాధ ఇంకొకరు పడకుండా సాయపడటం, దుఃఖాన్ని పాటగానో తోటపనిగానో మలుచుకోవడం, ఇప్పుడు కాదు రేపు చూద్దాం అని బాధను తెలిసి పక్కన పెట్టడం ఎదిగిన మనసు ఎత్తులు. ఈ చివరిది దిగమింగడం కాదు. దిగమింగినవాడు మరిచిపోయానంటాడు, పక్కన పెట్టినవాడు మర్నాడు దాన్ని నిజంగానే తీసి చూస్తాడు. ఇంట్లో చావు జరిగినా కర్మకాండకు కావలసినవన్నీ కూడదీసి, అందరూ వెళ్లాక కూర్చుని ఏడ్చే పెద్దకోడళ్లు తెలుగు ఇళ్లలో చాలామందికి గుర్తుంటారు.

యాభయ్యో ఏట ఏమేం ఉంటే ఎనభయ్యో ఏట మనిషి బాగుంటాడన్నది వైలంట్ కట్టిన మరో లెక్క. ఎదిగిన మనసు ఎత్తులు, చదువు, నిలకడైన దాంపత్యం, పొగ లేకపోవడం, తాగుడు లేకపోవడం, కొంత వ్యాయామం, అదుపులో బరువు. హార్వర్డ్ వాళ్లలో యాభయ్యో ఏట వీటిలో అయిదో ఆరో ఉన్న 106 మందిలో సగం మంది ఎనభై దగ్గర ఒంట్లోనూ మనసులోనూ బాగున్నారు, రోగంతో దిగులుతో మిగిలింది 7.5 శాతం. మూడో అంతకంటే తక్కువో ఉన్నవాళ్లలో బాగున్నవాళ్ల గుంపులోకి ఒక్కరూ రాలేదు. యాభయ్యో ఏటి కొలెస్ట్రాల్ అంకె మాత్రం ఎనభయ్యో ఏటి సంగతి చెప్పలేకపోయింది. అంతమాత్రాన డాక్టరు రాసిచ్చిన మాత్ర మానెయ్యమని కాదు.

పేటల్లో పెరిగినవాళ్ల ఒళ్లు ముందే అలిసిపోయింది. డెబ్భయ్యో ఏట వాళ్ల ఆరోగ్యం, ఎనభయ్యో ఏటి హార్వర్డ్ వాళ్ల ఆరోగ్యంలా ఉంది. పేదరికం నికరంగా పదేళ్ల ఆరోగ్యాన్ని మింగిందన్నమాట. కానీ ఆ పేటల నుంచే కాలేజీ చదువు దాకా వెళ్లినవాళ్లు డెబ్భయ్యో ఏట హార్వర్డ్ వాళ్లతో సమానంగా ఉన్నారు. వాళ్ల ఉద్యోగాలు చిన్నవి, జీతాలు తక్కువ, అయినా. చదువు డబ్బు తేవడమే కాక, రేపటి కోసం ఇవాళ ఓర్చుకోవడం నేర్పుతుందేమోనని వైలంట్ ఊహ.

తాగుడు విషయంలో ఈ పరిశీలన చాలా నిర్మొహమాటంగా ఉంది. విడిపోయిన దాంపత్యాల వెనక ఉన్న కారణాల్లో అన్నిటికంటే పెద్దది తాగుడే. పైగా దిగులు వల్ల తాగుతున్నామని తాగేవాళ్లు చెప్పుకున్నా, ఏళ్ల తరబడి రాసిన కాగితాల్లో ఎక్కువసార్లు తాగుడు ముందు, దిగులు తరవాత. ఈ సంగతి తెలుసుకోవడానికి హార్వర్డ్‌కు దశాబ్దాలు పట్టింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా కొట్టును ఎదిరించిన ఆడవాళ్లకు ప్రశ్నపత్రాలతో పని పడలేదు. ఆ కదలిక పాకి, 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది.

అందిన చెయ్యి

అన్నిటికంటే ఎక్కువగా చెప్పుకునే ఫలితం మాత్రం మనుషుల మధ్య దగ్గరితనం గురించి. ఎనభై ఏళ్లకు ఎవరు గట్టిగా ఉంటారో యాభయ్యో ఏటే చెప్పగలిగిన గుర్తుల్లో బలమైనది, తన చుట్టూ ఉన్నవాళ్లతో తనకున్న సంబంధాల మీద మనిషికి ఉన్న తృప్తి. డబ్బు లెక్కలో కూడా ఇది కనిపించింది. తెలివితేటల పరీక్షలో 110 నుంచి 115 వచ్చినవాళ్లకూ, 150 దాటినవాళ్లకూ జీవితంలో అందుకున్న గరిష్ఠ సంపాదనలో చెప్పుకోదగ్గ తేడా లేదు. నలుగురితో ఆప్యాయమైన సంబంధాలున్నవాళ్లు, అవి అంతగా లేనివాళ్ల కంటే సంపాదన పండిన కాలంలో ఏడాదికి సగటున 1,41,000 డాలర్లు ఎక్కువ ఆర్జించారు.

పసితనంలో ప్రేమ దొరకనివాళ్ల గతి ఇంతేనా అన్న ప్రశ్న ఇక్కడ వస్తుంది. దీనికి జవాబుగా వైలంట్ తన 2012 పుస్తకంలో ఒకరి కథ చెబుతాడు. అసలు పేరు దాచి గాడ్‌ఫ్రే కమిల్ అని మారుపేరు పెట్టాడు. ఆదరణ లేని ఇంట్లో పెరిగిన ఈ కుర్రవాడు కాలేజీ రోజుల్లో లేని రోగాలు చెప్పుకుంటూ ఆస్పత్రి చుట్టూ తిరిగేవాడు. పరిశోధకులు అతడి మీద ఆశ పెట్టుకోలేదు. వైద్యం చదివి పట్టా అందుకున్నాక ఆత్మహత్యకు ప్రయత్నించాడు. ముప్పై అయిదో ఏట క్షయ సోకి పద్నాలుగు నెలలు ఆస్పత్రి మంచం మీద ఉన్నాడు. ఆ మంచం మీదే, పుట్టి బుద్ధెరిగాక తొలిసారి, తనను ఎవరో పట్టించుకుంటున్నారన్న భావన కలిగింది. లేచాక మంచి వైద్యుడయ్యాడు, కూతుళ్లకు దగ్గరి తండ్రి అయ్యాడు, నలుగురిని కూడగట్టుకున్నాడు. ఎనభై రెండో ఏట ఇష్టమైన కొండలు ఎక్కుతూ గుండె ఆగి పోయాడు. అతడి సంస్మరణకు చర్చి నిండిపోయింది. పాతికేళ్లకో, ముప్పైకో మనిషి మీద తీర్పు రాసెయ్యడం ఎంత తొందరపాటో ఈ ఒక్క కట్ట కాగితాలు చెబుతాయి. తోడు అందినవాడు దాన్ని లోపలికి తీసుకోగలగాలి. అందడం ఒక ఎత్తు, తీసుకోవడం ఇంకో ఎత్తు.

వైలంట్ తరవాత పగ్గాలు పట్టిన రాబర్ట్ వాల్డింగర్ మనోవైద్యుడే కాక జెన్ బౌద్ధ గురువు కూడా. 2015లో అతడు చేసిన చిన్న ప్రసంగాన్ని ఇంటర్నెట్‌లో కోట్లమంది చూశారు. మార్క్ షుల్జ్‌తో కలిసి అతడు ఎనభై దాటిన దంపతుల మీద చేసిన పని ఇంకా ఆసక్తికరం. రోజూ ఒంటినొప్పి ఎంతుంది, మనసు ఎలా ఉంది అని అడుగుతూ వెళ్లారు. దాంపత్యం బాగున్నవాళ్లకు నొప్పి ఎక్కువైన రోజున కూడా మనసు అంతగా కుంగలేదు. బాగులేనివాళ్లకు మోకాలి నొప్పి మనసు నొప్పిగా కూడా మారింది. బాగున్నవాళ్లంటే కీచులాడుకోనివాళ్లు అని కాదు. పొద్దున్న కాఫీ దగ్గర మొదలెట్టి రాత్రి దీపం తీసేదాకా దెప్పుకునే జంటలు వాళ్లలో ఉన్నారు. కష్టం వస్తే ఈ మనిషి పక్కన నిలబడుతుంది, నిలబడతాడు అన్న భరోసా ఉందా అన్నదే తేడా.

ఆ భరోసాను తూచడానికి పరిశోధకుల దగ్గర ఒక ప్రశ్న ఉంది. అర్ధరాత్రి జబ్బు చేసినా భయం వేసినా ఎవరికి ఫోన్ చేస్తారు? కొందరు పేర్లు వరుసగా రాశారు. కొందరు ఒక్క పేరూ రాయలేకపోయారు, పెళ్లయినవాళ్లు కూడా. తెలుగులో దీనికి పాత మాట ఒకటి ఉంది, మంచీచెడ్డా చూసేవాళ్లు. పెళ్లికి వెయ్యిమందిని పిలిచినవాడికి కూడా ఆ చూసేవాళ్లు ఇద్దరే ఉండొచ్చు.

ఒంటరితనం మనసును బాధిస్తే సరే, ఆయుష్షును ఎలా కోస్తుంది? పరిశోధకులు ఎక్కువగా చూపించే దారి ఒత్తిడి. గొడవ జరిగినప్పుడు ఎవరి ఒంట్లోనైనా గుండె వేగం, ఒత్తిడి హార్మోన్లు పెరుగుతాయి. ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పుకునేవాళ్లుంటే ఒళ్లు మామూలు స్థితికి దిగుతుంది. చెప్పుకోవడానికి ఎవరూ లేకపోతే ఆ మంట సన్నగా రగులుతూనే ఉంటుంది, ఏళ్లు గడిచేకొద్దీ రక్తనాళాలను, రోగనిరోధక శక్తిని తింటుంది. 2010లో జూలియన్ హోల్ట్-లన్‌స్టాడ్ బృందం 148 అధ్యయనాలను, అంటే మూడు లక్షలకు పైగా మనుషుల వివరాలను ఒకచోట చేర్చి చూసింది. సంబంధాలు గట్టిగా ఉన్నవాళ్లు అధ్యయన కాలం ముగిసేనాటికి బతికి ఉండే అవకాశం, లేనివాళ్ల కంటే యాభై శాతం ఎక్కువ. బ్రిటన్ 2018లో, జపాన్ 2021లో ఒంటరితనం వ్యవహారాలు చూడటానికి మంత్రులను పెట్టుకున్నాయి.

డబ్బు, పని

ఇదంతా విని డబ్బుతో పనేముంది అనుకుంటే అది కడుపు నిండినవాడి మాట. అమెరికాలో ఏడాదికి 75,000 డాలర్లు దాటాక రోజువారీ సంతోషం పెరగదని డేనియల్ కానెమన్, ఆంగస్ డీటన్ 2010లో రాసింది విస్తారంగా ప్రచారమైంది. 2021లో మాథ్యూ కిలింగ్స్‌వర్త్ మరో పద్ధతిలో చూసి, ఆపైన కూడా పెరుగుతూనే ఉందన్నాడు. అప్పుడు జరిగింది ముచ్చటైన సంగతి. వాదులాడుకోవడానికి బదులు కానెమన్, కిలింగ్స్‌వర్త్ కలిసి కూర్చుని లెక్కలు మళ్లీ చేశారు. 2023లో తేలింది ఇది. చాలామందికి డబ్బుతో పాటు సంతోషం కొంత కొంత పెరుగుతూనే ఉంటుంది. బాగా దిగులులో ఉన్న అయిదో వంతు మందికి మాత్రం ఒక హద్దు దాకానే డబ్బు సాయపడుతుంది. మిగిలినది, ప్రియమైనవాళ్లు పోవడమో మనసు కుంగుబాటో, డబ్బుతో తీరే రకం కాదు.

పని గురించి ఇంతకంటే లోతైన సంగతి ఆస్ట్రియాలోని మారియెంతాల్ అనే చిన్న ఊరు చెప్పింది. ఊరంతా ఒకే బట్టల మిల్లు మీద బతికేది. ఆర్థిక మాంద్యంలో అది మూతపడింది. మారీ యహోడా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైజెల్ అక్కడికి వెళ్లి జనం ఎలా ఉన్నారో చూసి 1933లో పుస్తకం వేశారు. తీరిక దొరికింది కనుక మనుషులు ఎక్కువ చదువుతారు, ఎక్కువ కలుస్తారు అని ఎవరైనా అనుకుంటారు. జరిగింది తలకిందులు. గ్రంథాలయం నుంచి పుస్తకాలు తీసుకెళ్లడం సగానికి పడిపోయింది. పరిశోధకులు కిటికీలో కూర్చుని గడియారం పెట్టి చూస్తే మగవాళ్లు నడిచే వేగం తగ్గింది, వీధిలో ఊరికే ఆగుతున్నారు. ఇంటిపని ఆగని ఆడవాళ్లు వాళ్లకంటే చురుగ్గా నడుస్తున్నారు. పొద్దున్నుంచి ఏం చేశారని అడిగితే మగవాళ్లకు చెప్పడానికి ఏమీ లేదు. జీతంతో పాటు పని మనిషికి ఇచ్చేవి వేరే ఉన్నాయని యహోడా తరవాతి కాలంలో వివరించింది. రోజుకు ఒక వరస, ఇంటి బయట నలుగురు, ఉమ్మడి లక్ష్యం, సంఘంలో ఒక స్థానం, చేతులకు ఏదో ఒక కదలిక. పదవీ విరమణ చేసిన మర్నాడు మన గుమస్తాలు, మాస్టార్లు పోగొట్టుకునేవి అక్షరాలా ఇవే. గుడి కమిటీల్లో, కాలనీ సంఘాల్లో రిటైరైనవాళ్లు అంత పట్టుగా పోట్లాడుకోవడానికి కారణం పదవి మీద వ్యామోహం ఒక్కటే కాకపోవచ్చు.

ఎంతవరకు నమ్మాలి

హార్వర్డ్ పరిశీలనకు పెద్ద లోపాలు ఉన్నాయి. అందులో ఉన్నది మగవాళ్లు, తెల్లవాళ్లు, ఒక్క దేశం వాళ్లు. మొదటి అరవై ఏళ్లపాటు భార్యల మాట భర్తల ద్వారా తప్ప నేరుగా పెద్దగా వినలేదు. ఈ శతాబ్దిలోనే వాళ్లను చేర్చుకున్నారు. మంచి దాంపత్యం ఆరోగ్యాన్నిచ్చిందా, లేక ఆరోగ్యంగా, శాంతంగా ఉన్న మనిషితో కాపురం తేలికైందా అన్న చిక్కు పూర్తిగా విడిపోదు. ఏళ్ల తరబడి వెంటాడటం వల్ల ఏది ముందు, ఏది తరవాత అన్నది కొంత తెలుస్తుంది, అంతే. పైగా దగ్గరితనం అన్న మాట అన్ని చోట్లా ఒకేలా ఉండదు. అమెరికా ప్రశ్నపత్రం స్నేహితుల్ని, జీవిత భాగస్వామిని అడుగుతుంది. తెలుగు ఇంట్లో మేనమామ, వదిన, వియ్యంకుడు, పొలం పక్క రైతు కూడా లెక్కలోకి రావాలి. వాళ్లతో వచ్చే ఊరటా, వాళ్లతో వచ్చే ఒత్తిడీ రెండూ ఉంటాయి. బంధువులు ఎక్కువైతే ఆయుష్షు ఎక్కువ అన్న సూత్రానికి ఆస్తి తగాదాలు చూసినవాళ్లు ఒప్పుకోరు. పరిశోధకులు కూడా ఒప్పుకోరు. లెక్కకు వచ్చింది సంఖ్య కాదు, భరోసా.

మనదేశంలోనూ ఇలాంటి పనికి పునాది పడింది. ముంబైలోని అంతర్జాతీయ జనాభా శాస్త్రాల సంస్థ, హార్వర్డ్ ప్రజారోగ్య విద్యాలయం మరికొందరితో కలిసి వృద్ధాప్యం మీద దీర్ఘకాల పరిశీలన మొదలుపెట్టాయి. 2017-18లో జరిగిన తొలి విడతలో నలభై అయిదేళ్లు పైబడినవాళ్లు, వాళ్ల జీవిత భాగస్వాములు కలిపి 72,000 మందికి పైగా ఉన్నారు. హైదరాబాద్ పరిసరాల్లోని 29 గ్రామాల్లో 1987లో గర్భిణులు, పసిపిల్లల పోషకాహారంతో మొదలైన అధ్యయనం, ఆ పిల్లలు పెద్దవాళ్లయ్యాక కూడా వాళ్లనూ వాళ్ల తల్లిదండ్రులనూ చూస్తూ వచ్చింది. దాని గురి గుండె జబ్బులు, మధుమేహం. సంతోషం సంగతి దాని ప్రధాన ప్రశ్న కాదు. కానీ ఒకే ఊరి మనుషులను తరం దాటి వెంటాడటం ఇక్కడ కూడా సాధ్యమేనని అది చూపించింది.

కొడుకు డాలస్‌లో, కూతురు సిడ్నీలో, తల్లిదండ్రులు గుంటూరులోనో కరీంనగర్‌లోనో అన్న కుటుంబాల మీద హార్వర్డ్ కాగితాలు నేరుగా ఏమీ చెప్పవు. వీడియో కాల్‌లో మనవడి ముఖం చూడటం ఎంత దగ్గరితనమో, అర్ధరాత్రి తలుపు తట్టగల పక్కింటితో పోలిస్తే అది ఎంత నిలుస్తుందో కొలవాలంటే ఇక్కడి మనుషులను ఇక్కడి ప్రశ్నలతోనే అడగాలి.

724 మందిలో మిగిలినవాళ్లు ఇప్పుడు బహు కొద్దిమంది. పరిశీలన వాళ్ల పిల్లల దగ్గరికి చేరింది. వాళ్లు 1,300 మందికి పైగా ఉన్నారు, వాళ్లూ పెద్దవయసు వాళ్లే. పుర్రె కొలతలు పోయి రక్తపరీక్షలు, మెదడు చిత్రాలు, జన్యు నమూనాలు వచ్చాయి. కావాలని కాస్త ఒత్తిడి పెట్టి ఒళ్లు ఎంత త్వరగా కుదుటపడుతుందో చూస్తున్నారు. చిన్నప్పుడు ఇంట్లో గడిచినది వాళ్ల ఒంటిలో ఎంత మిగిలిందో తెలుసుకోవడానికి ఒక సౌకర్యం ఉంది. వాళ్ల తండ్రుల బాల్యం ఎలా గడిచిందో చెప్పే కాగితాలు, హార్వర్డ్ వాళ్ల విషయంలో లూయీస్ గ్రెగరీ ఇళ్లకు వెళ్లి రాసినవి, ఇంకా అలమరల్లో ఉన్నాయి. ఆ తరంలో కూతుళ్లను ఎవరూ అడగలేదు. ఈ తరంలో అడుగుతున్నారు.